కారు ఎయిర్ ఫిల్టర్ ఎంపిక: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం

కారు ఇంజన్ పీల్చుకునే గాలిలోని దుమ్మును సిలిండర్లలోకి పోనివ్వకుండా ఆపేది ఎయిర్ ఫిల్టర్. కారుతో పాటు వచ్చిన ఫిల్టర్ అరిగినప్పుడు లేదా నిండినప్పుడు యజమాని ముందు రెండు దారులుంటాయి. కారు కంపెనీ పేరుతో సర్వీసు కేంద్రంలో దొరికేది వేయించుకోవడం ఒకటి. అదే కారుకు సరిపడేలా వేరే తయారీదారు చేసి బజారులో అమ్మేది కొనడం రెండోది. ఈ రెండో రకాన్ని ఇక్కడ 'బయటి ఫిల్టర్' అంటున్నాం. బయటిదంటే నకిలీది కాదు. కార్ల కంపెనీలకు విడిభాగాలు సరఫరా చేసే సంస్థలే తమ సొంత పేరుతో బజారులో అమ్మే సరుకూ ఇందులో ఉంది, పనితీరు పెంచుతామని చెప్పే ఖరీదైన నూలు ఫిల్టర్లూ ఉన్నాయి, పేరూ ఊరూ లేని చవక సరుకూ ఉంది. ఎంపిక కష్టమయ్యేది అందుకే.

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి దీని రెవెన్యూ డివిజన్లు. కామారెడ్డి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. ఎల్లారెడ్డికి కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా దారి ఉంది. ఒకే కారు ఉదయం హైవే మీద, మధ్యాహ్నం మొరం బాట మీద నడిచే ప్రాంతం ఇది. ఫిల్టర్ ఎంపికలో ఆ తేడాకు పెద్ద పాత్ర ఉంది.

వాడుక పేర్లు

మెకానిక్ షెడ్లలో ఫిల్టర్ ఉండే ప్లాస్టిక్ పెట్టెను 'ఫిల్టర్ డబ్బా' అంటారు. లోపలి మడతల కాగితాన్ని 'ఎలిమెంట్' అనీ, ఒక్కోసారి 'జాలి' అనీ అంటారు. దుమ్ము దులపడానికి గాలి పట్టడాన్ని 'ఎయిర్ కొట్టడం' అంటారు. కారు లోపల కూర్చునేవారికి గాలిని వడకట్టే ఏసీ ఫిల్టర్ (క్యాబిన్ ఫిల్టర్) వేరే వస్తువు. కౌంటరు దగ్గర 'ఎయిర్ ఫిల్టర్ ఇవ్వండి' అంటే రెండింట్లో ఏదైనా చేతికి రావచ్చు కనుక 'ఇంజన్ ఎయిర్ ఫిల్టర్' అని అడగడం మేలు.

ఇంజన్ ఎంత గాలి పీలుస్తుంది

పెట్రోలు పూర్తిగా మండాలంటే ప్రతి కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. లెక్క వేస్తే లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి అవుతుంది. కామారెడ్డి నుంచి హైదరాబాదుకు రానుపోను సుమారు 230 కిలోమీటర్లు; లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ ఒక్క ప్రయాణంలో లక్షా ముప్పై అయిదు వేల లీటర్లకు పైగా గాలిని ఫిల్టర్ గుండా లాగుతుంది. డీజిల్ ఇంజన్ ఇంధనంతో పోలిస్తే ఇంకా ఎక్కువ గాలి తీసుకుంటుంది.

ఆ గాలిలో వచ్చే ప్రతి రేణువూ ఒకే రకం హాని చేయదు. పెద్ద రేణువులను ఏ ఫిల్టరైనా ఆపుతుంది. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే నూనె పొర మందం కొన్ని మైక్రాన్లే. ఆ సందులో పట్టేంత చిన్నగా, నూనె పొరను చీల్చేంత పెద్దగా ఉండే రేణువులే అసలు శత్రువులు. స్థూలంగా 5 నుంచి 20 మైక్రాన్ల మధ్యవి. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఇవి కంటికి విడివిడిగా ఆనవని తెలుస్తుంది. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7. ఇది మామూలు ఇనుమును గీరగలదు. నెలల తరబడి ఇలా గీరుడు పడితే రింగులు అరుగుతాయి, ఇంజన్ నూనె తాగడం మొదలుపెడుతుంది, పొగ వస్తుంది, చివరికి బోరు పని దాకా వెళ్తుంది. టర్బో ఉన్న డీజిల్ కార్లలో అతివేగంగా తిరిగే కంప్రెసర్ రెక్కల అంచులూ దెబ్బతింటాయి. దేశంలో మారుతి సంస్థ 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు ఆపేసినా, అంతకుముందు అమ్మిన డీజిల్ స్విఫ్టులు, డిజైర్లు ఇంకా నడుస్తున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారికి ఈ విషయం మరీ ముఖ్యం.

ప్రాంతపు దుమ్ము

ఎంపికకు అసలు ఆధారం ఇక్కడుంది. జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ శిలల నేల. వాటి మీద ఎర్ర చల్క. ఆ రాయి శిథిలమైతే మిగిలేది క్వార్ట్జ్ ఇసుక. పడమట మద్నూరు, జుక్కల్ వైపు వెళ్తే దక్కన్ బసాల్టు మీద ఏర్పడిన నల్లరేగడి వస్తుంది. దాని మన్ను చాలా సన్నం, ఎండితే పొడిగా లేచి గాలిలో చాలాసేపు నిలుస్తుంది. ఎర్ర చల్క దుబ్బ గీరుతుంది, నల్లరేగడి దుమ్ము సందుల్లో దూరుతుంది. మొరం బాట మీద ముందు పోయే ట్రాక్టరు వెనక నడిచే కారుకు హైవే మీద పోయే కారు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ దుమ్ము ఎదురవుతుంది. క్వారీలు, కంకర మిషన్ల దగ్గర రాతి పొడి దీనికి తోడు.

వరి మరో సంగతి. పోచారం ప్రాజెక్టు కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లోనూ, నిజాంసాగర్ కాలువల కింద బాన్సువాడ వైపూ వరి విస్తారంగా పండుతుంది. వానాకాలం పంట కోతలు అక్టోబరు నుంచి, యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో సాగుతాయి. హార్వెస్టర్లు పొలాల్లో తిరిగే రోజుల్లో, వడ్లను కల్లాల్లోనూ రోడ్డు అంచునా ఆరబోసే రోజుల్లో గాలి నిండా పొట్టు, నూగు ఉంటాయి. ఇవి పెద్ద ముక్కలు. ఫిల్టర్ దాటి పోవు గానీ దాని మడతలను త్వరగా పూడ్చేస్తాయి. రైసుమిల్లుల బాయిలర్ల నుంచి వచ్చే ఊక బూడిద అలా కాదు. వరి ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికాయే. మిల్లుల పక్కన రోజూ కారు నిలిపేవారి ఫిల్టర్ మీద నల్లగా, బూడిదరంగుగా పేరుకునే పొడి అదే.

కనుక ఈ ప్రాంతపు ఫిల్టర్‌కు రెండు గుణాలు కావాలి: సన్న దుమ్మును ఆపగలగాలి, ఎక్కువ దుమ్మును పట్టుకుని కూడా ఊపిరి ఆడనివ్వాలి. 'ఎక్కువ గాలి వదులుతుంది' అనే గుణం వీటి తర్వాతే.

చరిత్ర

తొలి మోటారు కార్లలో కార్బురేటర్లకు గాలి వడపోతే లేదు. పొలం దుమ్ములో పనిచేసే ట్రాక్టర్ల ఇంజన్లు త్వరగా అరిగిపోవడం చూసి 1915లో అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ ట్రాక్టరు కోసం ఎయిర్ క్లీనర్ తయారుచేశాడు. తర్వాత నూనె తొట్టి రకం వ్యాపించింది: గాలి నూనె మీదుగా మలుపు తిరిగి తడి తీగల గుండా పోతుంది, దుమ్ము నూనెలో దిగుతుంది. పాత ట్రాక్టరు ఉన్న ఏ రైతుకైనా ఇది తెలిసిన పనే. తొట్టి విప్పి, బురద తీసి, డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త నూనె పోయడం. బానెట్ మీద గిన్నెలా నిలిచి పెద్ద దుమ్మును ముందే సుడి తిప్పి పడగొట్టే ప్రీక్లీనర్ కూడా ట్రాక్టర్ల మీద కనిపిస్తుంది. కార్లకు ఆ సౌకర్యం లేదు. ఉన్న భారమంతా ఒక్క ఎలిమెంటు మీదే.

మడతల కాగితపు ఫిల్టర్లు 1950ల నుంచి కార్లలో మామూలయ్యాయి. నూనె పట్టించిన నూలు గుడ్డ ఫిల్టర్‌కు పేరు తెచ్చిన కే అండ్ ఎన్ సంస్థను 1969లో అమెరికాలోని రివర్‌సైడ్‌లో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ స్థాపించారు. మన దేశంలో కార్బురేటర్ కాలపు కార్లలో ఇంజన్ నెత్తిన గుండ్రటి డబ్బాలో ఉండే ఫిల్టర్, ఇంధన ఇంజెక్షన్ వచ్చాక పక్కనుండే చదునైన పలకగా మారింది.

కొలతలు: ఐఎస్ఓ 5011

ఫిల్టర్లను పోల్చడానికి అంతర్జాతీయ పరీక్షా పద్ధతి ఐఎస్ఓ 5011. తూచిన ప్రామాణిక దుమ్మును ఫిల్టర్ మీదికి వదిలి మూడు విషయాలు చూస్తారు. ఎంత శాతం దుమ్మును ఆపింది. గాలికి ఎంత అడ్డు కలిగించింది. ఆ అడ్డు నిర్ణీత హద్దు చేరేలోగా ఎంత దుమ్మును మోసింది.

శాతాలను చదవడంలో చాలామంది పొరబడతారు. 99.5 శాతం, 98.5 శాతం దాదాపు ఒకటేనని అనిపిస్తుంది. 200 గ్రాముల దుమ్ము వస్తే మొదటిది 1 గ్రామును, రెండోది 3 గ్రాములను ఇంజన్‌లోకి వదులుతుంది. అంటే మూడు రెట్లు. ఎంత ఆపిందన్నది కాక ఎంత వదిలిందన్నది చూడాలి. ఫిల్టర్ వచ్చిన అట్టపెట్టె మీద '99 శాతం' అని మాత్రమే రాసి, ఏ పరీక్ష, ఏ రకం దుమ్ము అని చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. ముతక దుమ్ముతో పరీక్షిస్తే నాసిరకం ఫిల్టర్ కూడా మంచి అంకె చూపుతుంది.

ఇంకో విశేషం: కాగితపు ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పటికన్నా కొంత దుమ్ము పట్టాక బాగా వడకడుతుంది. పైన ఏర్పడిన దుమ్ము పొరే మరో వడపోతగా పనిచేస్తుంది. చూడటానికి కాస్త మాసిందని ప్రతి వారం విప్పి దులిపేవారు ఈ లాభాన్ని పోగొట్టుకుంటున్నారు.

రకాలు

కాగితపు ఎలిమెంట్. సెల్యులోజ్ కాగితం, లేదా దానిలో కృత్రిమ నార కలిపినది, రెసిన్‌తో గట్టిపరచి మడతలు పెడతారు. సన్న దుమ్మును ఆపడంలో దీన్ని మించినది మామూలు కార్ల బజారులో లేదు. బాష్, ప్యూరొలేటర్, ఎలోఫిక్, మాన్ వంటి పేర్లతో దొరుకుతాయి. చాలా చిన్న కార్లకు ధర కొన్ని వందల రూపాయలే. కడగడానికి పనికిరాదు, నిండితే పారేయాలి.

నూనె పట్టించిన నూలు. తీగ జాలి మధ్య నాలుగైదు పొరల నూలు గుడ్డ, దాని మీద జిగురు నూనె. కే అండ్ ఎన్, ఇటలీకి చెందిన బీఎంసీ దీనికి పేరున్నవి. ధర వేలల్లో ఉంటుంది. కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి ఏళ్ల తరబడి వాడవచ్చు. గాలికి అడ్డు తక్కువ. అయితే సన్న దుమ్మును మంచి కాగితం కన్నా కొంత ఎక్కువగా వదిలే గుణం ఈ నిర్మాణంలోనే ఉంది. తయారీదారు చెప్పే 80 వేల కిలోమీటర్ల శుభ్రత గడువు తారు రోడ్ల దేశాన్ని దృష్టిలో పెట్టుకున్నది. లింగంపేట, ఎల్లారెడ్డి మొరం బాటలకు ఆ లెక్క వర్తించదు. నూనె ఎక్కువైతే అది కొట్టుకువచ్చి గాలి కొలిచే సెన్సర్ తీగ మీద పడవచ్చు. చాలా డీజిల్ కార్లలో ఈ సెన్సర్ ఫిల్టర్ వెంటనే ఉంటుంది. నూనె తక్కువైతే దుమ్ము నేరుగా దాటుతుంది. ఎంత పట్టించాలో తెలిసిన చెయ్యి కావాలి, ఆరేదాకా కారు నిలపగల తీరిక కావాలి.

ఫోమ్. నూనె తడిపిన స్పాంజి. మోటారు సైకిళ్లలో, ర్యాలీ వాహనాల్లో ఎక్కువ, కార్లలో అరుదు.

బయటికి తెరిచి ఉండే శంకు ఫిల్టర్. కంపెనీ డబ్బాను పూర్తిగా తీసేసి గొట్టం చివర బిగించేది. శబ్దం మారుతుంది, అది కొందరు యువకులకు నచ్చుతుంది. డబ్బా లేకపోవడంతో బయటి చల్లగాలికి బదులు బానెట్ కింది వేడిగాలి లోపలికి పోతుంది (చూ. బలం, మైలేజీ).

బలం, మైలేజీ

ఫిల్టర్ మారిస్తే పికప్, మైలేజీ పెరుగుతాయన్న మాట బజారులో గట్టిగా వినిపిస్తుంది. శుభ్రమైన మంచి కాగితపు ఫిల్టర్ గాలికి కలిగించే అడ్డు, ఇంజన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు కూడా, వాతావరణ పీడనంలో ఒక శాతం చుట్టుపక్కలే. దాన్ని పూర్తిగా తీసేసినా వచ్చే లాభానికి హద్దు అంతే. మరోవైపు గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 3 శాతం పడిపోతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు, బానెట్ కింద ఇంకా వేడెక్కిన గాలిని పీల్చే శంకు ఫిల్టర్ ఇచ్చేదానికన్నా పోగొట్టేది ఎక్కువ.

మైలేజీపై అమెరికా ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్ష జరిపింది. కంప్యూటర్ నియంత్రణ ఉన్న పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ పూడుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదు. వేగం అందుకునే సమయంలో మాత్రం తేడా కనిపించింది. గాలి తగ్గితే కంప్యూటర్ ఇంధనాన్నీ తగ్గిస్తుంది, అందుకే ఈ ఫలితం. పాత కార్బురేటర్ కార్లకు ఈ మాట వర్తించదు. పెట్రోలు కారులో మైలేజీ కోసం ఖరీదైన ఫిల్టర్ కొనడానికి ఆధారం లేదన్నది దీని నుంచి తేలే విషయం.

అమరిక, సీలు

ఏ పదార్థమన్నదాని కన్నా ఎలా కూర్చున్నదన్నది ముఖ్యం కావచ్చు. ఫిల్టర్ అంచు చుట్టూ ఉండే మెత్తని పాలీయురేథేన్ లేదా రబ్బరు అంచు డబ్బా గాడిలో అంతటా సమంగా నొక్కుకోవాలి. ఎక్కడైనా సన్నని సందుంటే గాలి అడ్డు తక్కువున్న ఆ దారినే ఎంచుకుంటుంది, వడపోత లేకుండా దుమ్మును మోసుకుపోతుంది. చవక ఫిల్టర్లలో కాగితం ఫరవాలేకపోయినా అంచు గట్టిగా, వంకరగా ఉండటం, పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గడం మామూలు లోపాలు. మెకానిక్ తొందరలో ఒక క్లిప్పు వేయకపోవడం, డబ్బా మూత స్క్రూ పోవడం కూడా అదే ఫలితమిస్తాయి.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కొత్త ఫిల్టర్ వేసి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక డబ్బా విప్పి, ఇంజన్ వైపు భాగాన్ని తెల్లటి పొడి గుడ్డతో తుడవాలి. గుడ్డకు మన్ను అంటితే ఎక్కడో దాటుతోంది. అంచు మీద సన్నటి దుమ్ము చార కనిపిస్తే సందు అక్కడే. ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా ఈ పరీక్షలో తప్పితే పనికిరానిదే.

కొనుగోలు

కామారెడ్డి విడిభాగాల దుకాణాల్లో ఎక్కువగా నడిచే మోడళ్ల ఫిల్టర్లు చేతికందుతాయి. ఎల్లారెడ్డిలో దొరకనివాటికి కామారెడ్డికో, సికింద్రాబాద్ రాణిగంజ్ బజారుకో పోవడం, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం జరుగుతుంది. మోడల్ పేరు చెబితే చాలదు. ఒకే పేరున్న కారులో పెట్రోలు, డీజిల్ రకాలకూ, తయారైన ఏడాదిని బట్టీ ఫిల్టర్ మారుతుంది. పాత ఫిల్టర్ మీది పార్టు నంబరు ఫొటో తీసుకుని వెళ్లడం, వీలైతే పాతదాన్నే తీసుకువెళ్లి పక్కపక్కన పెట్టి చూడటం ఉత్తమం. మడతల సంఖ్య, వాటి లోతు, బరువు దాదాపు సమానంగా ఉండాలి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సూది రంధ్రాలు కనిపించకూడదు. అంచును గోటితో నొక్కితే లోనికి పోయి తిరిగి లేవాలి. అట్టపెట్టె మీద తయారీదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారీ నెల లేని సరుకును వదిలేయాలి. పేరున్న బ్రాండ్ల నకిలీలు కూడా ఉంటాయి కనుక బిల్లు తీసుకోవడం అవసరం.

నిర్వహణ

చాలా కంపెనీలు మామూలు రోడ్లలో 30 నుంచి 40 వేల కిలోమీటర్లకు మార్చమని, దుమ్ము ప్రాంతాల్లో అంతకన్నా ముందే మార్చమని పుస్తకంలో రాస్తాయి. ఈ రెండో వాక్యమే ఇక్కడివారికి. హైవే మీదే ఎక్కువ తిరిగే కామారెడ్డి కారు, పల్లె బాటల మీద తిరిగే ఎల్లారెడ్డి కారు ఒకే గడువు పాటించకూడదు. వరికోతలు ముగిశాక ఏడాదికి రెండుసార్లు డబ్బా విప్పి చూడటం ఈ నేలకు సరిపడే పద్ధతి.

టైర్ల దుకాణంలో ఎయిర్ కొట్టించడం చాలామంది చేసే పని, చెడు కూడా ఎక్కువగా అక్కడే జరుగుతుంది. ఆ పీడనానికి కాగితం నారలు విడిపోయి, కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. తప్పనిసరైతే శుభ్రంగా ఉండే వైపు నుంచి బయటికి, 2 బార్లు మించని పీడనంతో, నాజిల్‌ను దూరంగా పట్టి కొట్టాలి. తడిసిన, నూనె అంటిన, చిరిగిన కాగితాన్ని మార్చడం తప్ప మార్గం లేదు.

వాన, వరద

చల్లగాలి కోసం గొట్టాన్ని బంపర్ కిందికి దించే కిట్లు ఇక్కడ ప్రమాదకరం. వాగుల మీది లోలెవల్ వంతెనలు దాటేటప్పుడు గొట్టం నీటిని పీలిస్తే, నీరు నలగదు కనుక పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన అతి భారీ వర్షాలకు రోడ్లు మునిగిన సందర్భం అందరికీ తెలుసు. నీట మునిగిన కారును స్టార్ట్ చేయక ముందే డబ్బా విప్పి ఫిల్టర్ తడిసిందో లేదో చూడాలి. తడిస్తే తాళం తిప్పకుండా మెకానిక్‌ను పిలవాలి.

చట్టం, వారంటీ

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కంపెనీ డబ్బాలోనే కూర్చునే, అదే కొలతల ఫిల్టర్ వేయడం మామూలు విడిభాగం మార్పిడి. డబ్బా తీసేసి శంకు బిగించడం అలాంటిది కాదు. శబ్దం, ఉద్గారాల పరంగా అభ్యంతరానికి తావిస్తుంది. వారంటీలో ఉన్న కారుకు బయటి భాగం వల్లే లోపం వచ్చిందని తేలితే కంపెనీ ఆ మరమ్మతు ఖర్చును నిరాకరించవచ్చు. కారు వారంటీలో ఉన్నంత కాలం బిల్లులు దాచుకోవడం మంచిది.

ప్రాంతానికి తగిన ఎంపిక

ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే కారుకు పేరున్న తయారీదారు కాగితపు ఫిల్టర్, కంపెనీ డబ్బాలోనే, గడువు కన్నా ముందే మార్చుకుంటూ వాడటం సరైన ఎంపిక. రోజూ హైవే మీద తిరిగేవారు, నూలు ఫిల్టర్‌ను పద్ధతిగా కడిగి నూనె పట్టించే ఓపిక ఉన్నవారు కంపెనీ డబ్బాలో సరిగ్గా కూర్చునే నూలు పలకను ఎంచుకోవచ్చు; దుమ్ము బాట మీదికి పోతే తనిఖీ తరచుగా ఉండాలి. తెరిచి ఉండే శంకు ఫిల్టర్ ఈ రెండు ఊళ్లలో దేనికీ తగదు.